కామధేనువుకు ఎనుముపాలు

“ఆవుపాలు తెచ్చింది నువ్వా, కాదా? ఆ ఒక్క మాట చెప్పమ్మా.”

దామోదరం అడగడం ఇది మూడోసారి. మిద్దె మీద పిట్టగోడకు ఆనుకుని కూర్చున్న సుబ్బులమ్మ మూడోసారి కూడా బదులివ్వలేదు. కొడుకు వైపు చూడకుండా, తీగె మీద ఆరేసిన బట్ట వైపు చూస్తూ ఉంది.

బట్ట మీద కామధేనువు ఏడుస్తోంది.

పొద్దున ఆరు గంటలకు జయంతి కలంకారీ కలం పట్టి గీసినప్పుడు ఆ ముఖం బాగానే ఉంది. ఆవు ఒళ్లు, ఆడమనిషి ముఖం, నెమలి తోక. ఎనిమిదయ్యేసరికి ప్రతి గీతకూ చీమకాళ్లు మొలిచినట్లు నలుపు పక్కలకు పాకింది. కాటుక చెంపల మీదికి జారింది. కొమ్ములు రెండూ ఒకదానిలో ఒకటి కలిసిపోయి, నెత్తిన నల్ల మూట పెట్టుకున్నట్లయింది.

ఆదివారం పొద్దున చిత్తూరులో మోహన కొత్తింట్లో పాలు పొంగిస్తారు. దామోదరానికి ఒక్కగానొక్క చెల్లెలు. వదిన జయంతి వేసే కామధేనువు కోసమని పూజగది ఎదురు గోడ ఖాళీగా పెట్టుకుని, రెండు మేకులు కూడా కొట్టించుకుంది. ఈ రోజు గురువారం.

“ఎనుముపాలు కావాలని జయంతి నీకు చెప్పింది గదా.”

“చెప్పింది.”

“మరి?”

“ఆవు బొమ్మకు ఎనుముపాలేందిరా అన్నాను. దేవుడి బట్ట గదా. అంటే తప్పా?”

“తప్పో ఒప్పో ఆ బట్టనడుగు.”

సుబ్బులమ్మ కొంగుతో మోకాళ్లు కప్పుకుంది.

జయంతి కలాన్ని నీళ్లలో కడుగుతూ ఉంది. కడిగిందే కడుగుతోంది. అత్త ఏం దాస్తోందో ఆమెకు తెలుసు. మంగళవారం గేదెపాలలో కరక్కాయ పొడి కలిపి బట్ట తడపాల్సి ఉండగా సుబ్బులమ్మ ఇత్తడి చెంబు పట్టుకొచ్చి నిలబడింది. ఆవుపాలు తెచ్చినానే, పరవాలేదా అని అడిగింది కూడా. చెంబులోకి చూసి జయంతి అన్న మాట ఇది: “ఏ పాలైతే ఏముందత్తా, పని చేతిలో ఉండాలగానీ.”

ఇరవై రెండేళ్లుగా మగ్గం పని చేసిన చేయి అది. తిరుపతిలో పెళ్లి జాకెట్టు అంటే జయంతి అని పేరు. ఆ చేతికి పాలతో పనేమిటి అనుకుంది.

ఆ మాట ఇప్పుడు చెప్పాలి. కలాన్ని మళ్లీ నీళ్లలో ముంచింది. అత్త కూడా చెప్పకుండా, నింద తన మీద వేసుకుని కూర్చోవడం జయంతికి పొయ్యి పక్కన నిలబడినట్లుగా ఉంది.

“సరే, అయిపోయింది.” దామోదరం తువ్వాలు భుజాన వేసుకున్నాడు. బస్టాండు దగ్గర లాడ్జిలో మేనేజరు అతను. ఏ గొడవైనా గది మార్చి తీర్చేయడం అలవాటు. “మా లాడ్జికి ఎదురుంగా అంగడి ఉండాది. కామధేనువు ఉండాది, నేనే చూసినాను. తెచ్చేస్తాను. మేకులకు తగిలించేదే గదా. ఎవురు వేసినారని మోహన భూతద్దం పెట్టి చూస్తాదా?”

“నేను వేసినానని చెప్తారా?” అంది జయంతి.

“నేనేం చెప్పను. వాళ్లే అనుకుంటారు.”

“అంటే అబద్ధం మీరు చెప్పరు. వాళ్లచేత చెప్పిస్తారు.”

“నీ పేరు కోసమే గదా నేను తిప్పలు పడేది. మూడు నెల్లు నేర్చుకుంటే ఇంతేనా అని అందరూ ఆ గోడ ముందర నిలబడి అనుకుంటా ఉంటే నీకు బాగుంటాదా?”

బాగుండదు. అదే ఆమెను కుట్టింది. మొగుడు సరిగ్గా నొప్పి ఉన్న చోటే వేలు పెట్టాడు.

జయంతి తీగె మీంచి బట్ట తీసి నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది.

“యాడికి?” అన్నాడు దామోదరం.

“ఏర్పేడుకి. నేర్పించే చోటికి.”

“ఆయమ్మ మంత్రం వేసి నలుపు వెనక్కి లాగుతాదా?”

జయంతి మెట్లు దిగింది. వెనకనుంచి సుబ్బులమ్మ గొంతు వినబడింది. “ఏమైనా తిని పోవే.”

ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది జయంతికి.

*

కాళహస్తి బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. సంచిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

పదిహేనేళ్ల కిందట ఇదే బస్సులో రోజూ ఒక పిల్ల ఏర్పేడు నుంచి తిరుపతికి వచ్చేది. కృపారాణి. పంతొమ్మిదేళ్లుంటాయి. జయంతి దగ్గర మగ్గం నేర్చుకోవాలని వచ్చింది. అయిదు రేకుల పువ్వు కుట్టమంటే నాలుగు రేకులు చక్కగా కుట్టేది, అయిదోది పెద్దదయ్యేది. విప్పి కుట్టినా అంతే. కడాన ఒక రోజు జయంతి సూది కింద పెట్టి, “ఈ పని నీ చేతికి రాదమ్మా, ఇంకేదైనా చూసుకో” అని పంపేసింది. ఆ తర్వాత ఆ పిల్ల ఊసే మరిచిపోయింది.

మూడు నెలల కిందట జాకెట్టు పనికి ఒక పెళ్లికూతురి చీర వచ్చింది. కొంగు మీద కలంతో వేసిన చిలక. మొదలుపెట్టిన చోటినుంచి ముగించిన చోటిదాకా తడబడని ఒక్క గీత. సూది దారం మధ్యలో వదిలేసి ఆ చిలకనే చూస్తూ కూర్చుంది. నలభై తొమ్మిదేళ్లు వచ్చాక ఆమెకు కొత్తగా ఒకటి కావాలనిపించడం అదే మొదలు. ఎవరు వేశారని కనుక్కుంటూ పోతే ఏర్పేడులో ఒక రేకుల కొట్టం ముందు తేలింది. లోపలినుంచి వచ్చిన మనిషిని చూసి జయంతి వెనక్కి తిరిగిపోబోయింది.

“రా అక్కా. కూర్చో,” అంది కృపారాణి. చాప పరిచింది. పాత మాట ఆ రోజూ ఎత్తలేదు, తర్వాతా ఎత్తలేదు.

ఎత్తి ఉంటే తేలికగా ఉండేది. ఈ మూడు నెలల్లో జయంతి ఆమెను ఏమని పిలవాలో తెలియక, ఏమీ పిలవకుండానే నెట్టుకొచ్చింది. తెలియనిది అడగనూ లేదు. పక్కన ఇరవయ్యేళ్ల ఆడపిల్లలు ఇద్దరు నోరు తెరిచి అన్నీ అడుగుతుంటే, తాను చూసి, తెలిసినట్లు తలూపేది.

కొట్టం గడప మీద కృపారాణి తండ్రి ప్రేమానందం వెదురు పుల్లలు చెక్కుతున్నాడు. చెక్కిన పుల్లకు పాత గుడ్డ చుట్టి దారంతో బిగిస్తే కలం. ఆ గుడ్డ రంగు తాగి ఉంటుంది, వేళ్లతో ఒత్తేకొద్దీ మొనకు దిగుతుంది.

“ఏమ్మా, కలం నీ మాట వింటా ఉండాదా?” అన్నాడు.

“లేదు పెద్దాయనా. నేనే దాని మాట వినలేదు.”

కృపారాణి బట్ట విప్పింది. చాలాసేపు చూసింది. తర్వాత ఒక అంచు ముక్కు దగ్గర పెట్టుకుంది.

“ఆవుపాలు,” అంది.

అత్త తెచ్చింది అనొచ్చు. అది నిజమే కూడా. జయంతి గోడకు తగిలించిన బట్టల వైపు చూసి, మళ్లీ ఇటు తిరిగింది.

“నేనే. తెలిసే పోసినాను.”

“ఎందుకక్కా?”

“నాకు తెలుసుననుకున్నాను.”

కృపారాణి నవ్వలేదు. గడప మీద ప్రేమానందం నవ్వాడు. “నేనొకసారి చర్చికి పటం వేస్తా ప్యాకెట్టు పాలు పోసినానమ్మా. ఏసయ్య గడ్డం మోకాళ్ల దాకా దిగింది. ఫాదరు చూసి, ప్రేమానందం, ఈయన ఎవురప్పా అన్నాడు.”

ఆడపిల్లలిద్దరూ కలాలు పక్కన పెట్టి నవ్వారు. జయంతికీ నవ్వు వచ్చింది. పొద్దున్నుంచి బిగపట్టుకున్నది కొంచెం వదిలింది.

“ఎనుముపాలల్లో జిడ్డు జాస్తి అక్కా. ఆ జిడ్డు గీతను పట్టి నిలబెడతాది. ఆవుపాలు పలచన, వదిలేస్తాయి. అంతే,” అంది కృపారాణి.

“ఇప్పుడేం చేసేది?”

“ఏం చెయ్యలేం. మగ్గం అయితే విప్పి మళ్లా కుడతావు. దీంట్లో విప్పేది లేదు. గీసిందే గీత.”

జయంతి బట్ట అంచు పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. ఎదురు గోడ మీద కృపారాణి వేసిన పటాలు. వాటిని ఇన్నాళ్లుగా చూస్తోంది. ఇవాళే కనబడింది, ప్రతిదాని కింద మూలలో ఒక చిన్న పువ్వు ఉంది. అయిదు రేకులు. ఒక రేకు పెద్దది.

“ఆ పువ్వు…” అంది.

“గుర్తుపట్టినావా?” కృపారాణి మొదటిసారి కొంచెం సిగ్గుపడింది. “ఏ బట్టకైనా అది వెయ్యకుండా ఇయ్యను.”

జయంతి తల వంచుకుంది. “నిన్ను పంపేసినాను. ఆ రోజు నువ్వు ఏడ్చినావేమో గూడా చూడలేదు.”

“బస్టాండు దాకా ఏడ్చినాను.” కృపారాణి మామూలుగా అంది. “అయితే పదోసారికి గదక్కా పంపినావు. అంతకుముందు తొమ్మిది సార్లు నా పక్కన కూర్చుని నీ చేత్తో విప్పి, మళ్లా చూపించినావు. ఇస్కూల్లో గానీ యాడగానీ నా పక్కన ఎవురూ తొమ్మిది సార్లు కూర్చోలేదు. ఈ పిల్లలకు విసుక్కోబోయినప్పుడల్లా నాకు ఆ తొమ్మిదీ గుర్తుకొస్తాయి. అందుకే ఆ పువ్వు.”

జయంతికి ఆ తొమ్మిది సార్లు గుర్తులేవు. పదోది ఒక్కటే గుర్తుంది. ఎంత వెతికినా జ్ఞాపకం రాని మంచితనాన్ని ఎవరో దాచిపెట్టి తెచ్చి చేతిలో పెట్టినట్లుంది. కళ్లు తుడుచుకుంటే కరక్కాయ వాసన.

కృపారాణి లేచి పెట్టెలోంచి జానెడు గుడ్డ తీసి ఆమె ముందు పరిచింది. ఎనుముపాలలో తడిపి ఆరేసిన గుడ్డ.

“కామధేనువు వద్దక్కా. నువ్వింకా ఆడిదాకా రాలా. దూడ వెయ్యి.”

ఇంకా అక్కడిదాకా రాలేదు. ఈ మాట జయంతి ఎంతమందితోనో అంది. తనతో ఎవరైనా అంటే చిన్నతనంగా ఉంటుందనుకుంది. చిత్రంగా, తలమీది బరువు ఎవరో చేయివేసి దించినట్లయింది. దూడ సరిగ్గా రాకపోతే ఎవరి పేరూ పోదు.

చింతబొగ్గుతో దూడ ఆకారం గీసుకుంది. కలం నల్లరంగులో ముంచింది. మొన గుడ్డ మీద పెట్టబోయి ఆగి, పక్కనున్న ఆడపిల్లను అడిగింది. “యాడ ఒత్తాలమ్మా? కలానికి చుట్టిన గుడ్డకు పైనా, కిందా?”

ఆ పిల్ల ఆశ్చర్యపోయి, వెంటనే సర్దుకుని, ఆమె వేళ్లను కొంచెం కిందికి జరిపింది. “ఈడ ఆంటీ. గట్టిగా వద్దు. వత్తీ వత్తనట్ల.”

మూడు నెలలుగా పైన ఒత్తుతోంది.

గీత దిగింది. దూడ వీపు. జయంతి వంగి చూసింది. నలుపు కదల్లేదు. గీసిన చోటే నిలబడింది. మెడ, చెవి, ముట్టె. ఒక చోట లావు, ఒక చోట సన్నం. వెనక కాలి దగ్గరికి వచ్చేసరికి రంగు అయిపోయి, కలం ముంచి మళ్లీ పెడితే కాలు పొట్టిదయింది.

“మేడం, ఈ కాలు పొట్టిదైపోయింది,” అంది గట్టిగా.

కొట్టంలో అందరూ తలెత్తారు. కృపారాణి చేతిలో పటిక నీళ్ల గిన్నె ఆగిపోయింది.

“అక్కా, నువ్వు నన్ను అట్ల పిలవొద్దు.”

“ఈడ చాప మీద కూర్చున్నంతసేపూ అట్లనే పిలుస్తాను. తిరుపతికి వచ్చినప్పుడు కృపా అంటాను.”

గడప మీంచి ప్రేమానందం ఏదో అనబోయి, వద్దనుకుని, చేతిలోని పుల్లకు గుడ్డ చుట్టి బిగించి జయంతి ముందు పెట్టాడు. “కొత్తది. మొదుటి కలం అనుకో,” అన్నాడు.

*

ఇంటికి వచ్చేసరికి సాయంత్రం అయిదయింది. హాల్లో సోఫా మీద పొడుగాటి పొట్లం. పక్కనే దామోదరం. మొహంలో పొద్దుటి చిరాకు లేదు.

“చూడు, ఎట్లుండాదో,” అని పొట్లం విప్పబోయాడు.

“ఒక్క మాట, ముందు.” జయంతి సంచి కింద పెట్టింది. వంటగది గుమ్మంలో సుబ్బులమ్మ నిలబడి ఉంది. “పొద్దున మీరు అత్తను నిలబెట్టి అడిగినారే. పాలు తెచ్చింది అత్తే, పోసింది నేను. పరవాలేదా అని అడిగింది. ఏ పాలైతే ఏముందన్నాను. తప్పు నాది. అప్పుడే చెప్పాల్సింది, నోరు రాలేదు.”

దామోదరం తల్లి వైపు తిరిగాడు. “ఆ మాట నువ్వైనా చెప్పకూడదా అమ్మా?”

“చెప్పేదానికేముండాది,” అంది సుబ్బులమ్మ. “ఇరవై రెండేండ్లుగా ఆ చేతిపనితో ఈ ఇంటికి వెలుగొచ్చింది. ఒక పూట మాటలు నేను పడితే ఏం పోయింది.”

జయంతి ఆమె దగ్గరికి వెళ్లింది. భుజం మీద చేయి వేసింది. సుబ్బులమ్మ ఆ చేతిని తీసి, వేళ్లకంటిన నలుపును చూసి, “అన్నం పెడతాను, చేతులు కడుక్కో” అంది.

దామోదరం పొట్లం విప్పి సోఫా మీద పరిచాడు.

కామధేనువు. నిండుగా, నిబ్బరంగా ఉంది. తోకలో ఒక్కొక్క కన్నూ ఎవరో ఊపిరి బిగబట్టి వేసినట్లుంది. జయంతి కళ్లు వాటంతటవే కింది మూలకు పోయాయి. వెనక గిట్ట పక్కన అయిదు రేకుల పువ్వు. ఒక రేకు పెద్దది.

“మధ్యాహ్నమే ఫోటో తీసి మోహనకు పంపించినాను,” అన్నాడు దామోదరం.

“ఏమని రాసినారు?”

“ఏం రాయలేదు. ఉత్త ఫోటోనే.”

ఫోను మోగింది. మోహనే. దామోదరం స్పీకరు పెట్టాడు.

“వదిన ఉందా అన్నా? వదినా, చూసినా. మా అత్త ఇంతసేపూ నా ఫోను కింద పెట్టలా, వచ్చినోళ్లందరికీ చూపించింది. మూడు నెల్లకే ఇంత పని ఎట్ల వచ్చింది నీకు?”

దామోదరం చేత్తో సైగ చేశాడు. వదిలేయ్ అన్నట్లు. బతిమాలుతున్నట్లు కూడా.

“మాట్లాడవేంది వదినా?”

“అది నేను వేసింది కాదు మోహనా.”

అటు కొత్తింట్లో ఎవరో మేకు కొడుతున్న చప్పుడు వినబడుతోంది.

“మీ అన్నను ఏమనద్దు. నాకు చిన్నతనం కాకూడదని తెచ్చినాడు. నేను వేసింది పొద్దున పాడైపోయింది. ఇది వేసింది ఏర్పేడు కృపారాణి. ఒకప్పుడు నా దగ్గర మగ్గానికి వచ్చింది. ఇప్పుడు నేను ఆమె దగ్గర నేర్చుకుంటా ఉండాను. నాది ఒక దూడ ఉండాది, జానెడు. వెనక కాలు పొట్టి. నీకిష్టమైతే అది తెస్తాను. ఈ కామధేనువు కావాలంటే ఆమె పేరు చెప్పి తగిలించుకో.”

మేకు చప్పుడు ఆగింది.

“కృపారాణంటే…” మోహన గొంతు తగ్గింది. “వాళ్లు చర్చికి పోయేవాళ్లు గదా వదినా.”

“పోతారు.”

“అది కాదు. పూజగదికి ఎదురుంగా… మా అత్తకు తెలిస్తే…”

సుబ్బులమ్మ వంటగదిలోంచి వచ్చి ఫోను అందుకుంది. ఫోనులో గట్టిగా మాట్లాడాలని ఆమెకు నమ్మకం.

“మోహనా, ఆ కామధేనువుకు ఏ పాలు పోసినారో తెలుసునా? ఎనుముపాలు.”

“ఏందమ్మా నువ్వు చెప్పేది?”

“ఎనుముపాలు పోస్తేనే ఆ ఆవు నిలబడతాదంట. దేవుడి బట్టని నేను ఆవుపాలు తెచ్చిచ్చినా. బొమ్మ ఏడ్చింది. నా కండ్లతో చూసినా. ఎనుముపాలకు ఆ తల్లే ఒప్పుకున్నప్పుడు, వేసిన చెయ్యి ఎవురిదైతే మీ అత్తకేం? అడిగి చెప్పు. ఆ మేకులు ఉంచుకుంటారా, పీకేస్తారా.”

“ఆయన్ను అడిగి చెప్తా,” అంది మోహన. ఫోను ఆగిపోయింది.

దామోదరం సోఫా అంచున కూర్చున్నాడు. “అంతమందిలో మోహన మర్యాద ఏమవుతాదో,” అన్నాడు.

జయంతి సంచిలోంచి దూడ గుడ్డ తీసి కామధేనువు పక్కన పెట్టింది. రెండింటికీ ఏ మాత్రం పోలిక లేదు. అయినా ఆ జానెడు గుడ్డను చూస్తుంటే ఆమెకు కడుపు నిండినట్లుంది. గీత ఎక్కడ పెట్టిందో అక్కడే ఉంది.

సుబ్బులమ్మ వంగి కళ్లద్దాలు సర్దుకుని చూసింది.

“కాలు పొట్టి కాదే,” అంది. “ఇప్పుడే పుట్టిన దూడ అట్లనే నిలబడతాది. ఇంకా లేస్తా ఉండాది.”

జయంతి నవ్వింది. కళ్లలో నీళ్లు తిరిగాయి, తుడుచుకోలేదు.

“రేపటికి పాలాయనకు ఎంత చెప్పేది?” అంది సుబ్బులమ్మ.

“ఒక లీటరు చాలత్తా.”

“ఎనుముపాలే గదా?”

“ఎనుముపాలే.”

ఫోను మళ్లీ మోగింది. దామోదరం తీసి చూశాడు. మోహన కాదు, ఆమె మొగుడు చక్రధర్. పెళ్లయిన ఇన్నేళ్లలో ఈ ఇంటికి తానుగా ఫోను చేసిన మనిషి కాదు.

దామోదరం వేలు తెర దాకా వెళ్లి ఆగింది. సోఫా మీది రెండు బట్టలనూ చూశాడు. ఫోనును భార్య వైపు చాపాడు.

“నువ్వే మాట్లాడు,” అన్నాడు.

జయంతి వేళ్లకు ఇంకా నలుపు ఉంది. ఆ చేత్తోనే అందుకుంది.